అరుగుదల

మౌంట్ రోడ్డు వెనక సందులో
జైనుల్ మరైక్కాయర్ కొట్టు.
తుపాకీని మధ్యకి విరిచి
రెండు గొట్టాల్లోంచీ ట్యూబ్‌లైటుని చూశాడు ముసలాయన.
"లోపల అద్దమమ్మా, కాల్చిన తుపాకి కాదిది" అన్నాడు.
ఆయన తెలుగులో అరవం పలుకుతుంది.
మా నాన్న అరవంలో కడప పలికేది.
ముప్పై ఏళ్ళు ఇద్దరూ అలాగే మాట్లాడుకున్నారట.

నాన్న పేరు ఓబులేసు.
పట్టాళం నుంచి వచ్చాక
సొంత తుపాకి ఉంటేనే ఉద్యోగం అన్నారు.
అమ్మ గాజులు అమ్మి దీన్ని కొన్నారు.
షావుకారుపేట బ్యాంకులో, నగల తాకట్టు కౌంటరు పక్కన
ముప్పై ఒక్క ఏళ్ళు
ఊరందరి గాజులకీ కాపలా.
కుర్చీ ఇవ్వకపోలేదు.
కూర్చున్న కాపలా ఏం కాపలా అనేవాడు.

ఆదివారం చాకలిపేట మేడ మీద
ఒక మూల నా జడకి అమ్మ కొబ్బరినూనె,
ఇంకో మూల చాప మీద
చిరిగిన బనీను ముక్కతో దానికి నాన్న నూనె.
నాకు ఆదివారం అంటే
ఇప్పటికీ ఆ రెండు వాసనలూ కలిసిన గాలి.
తూటాలు పాతిక. ఎర్ర అట్టవి.
వానాకాలం చెమ్మకి ఉబ్బితే
అప్పడాల్లా ఎండలో పెట్టి
పక్కనే కూర్చుని కాకుల్ని తోలేవాడు.
అమ్మ దాన్ని పేరు పెట్టి పిలవదు.
"అదొచ్చిందా?" అంటుంది గిన్నెలు తోముతూ,
రావడం నాన్న ఒక్కడే వచ్చినట్టు తెలిసీ.

రిటైరయ్యాకా వదల్లేదు.
ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్లో అప్పజెప్పి
రసీదు బియ్యం డబ్బాలో దాచేవాడు.
గెలిచిందెవరని అడగడు,
ఎప్పుడు తిరిగిస్తారని అడుగుతాడు.
బీరువా వెనక ఖాళీని
నిద్రలో లేచి చేత్తో తడిమేవాడు.

ఆ డిసెంబరు వరదలో
ఛాతీలోతు నీళ్ళు దాటుతూ
నెత్తిన మోసుకెళ్ళింది దాన్నే.
పెళ్ళిఫొటో నానిపోయింది.
పదకొండో రోజున, పిండం పెట్టి వచ్చిన వాళ్ళ ముందు కూడా
అమ్మ ఆ మాట ఎత్తింది.
ఎత్తి, కొంగు నోట్లో కుక్కుకుంది.

ముసలాయన తుపాకీని తిరగేశాడు.
"చెంప ఆనే చోటు చూడు, వార్నిషు పోలేదు.
ఇక్కడ చూడు"
అడుగు రేకు ఒక పక్కకే అరిగి ఉంది,
ఎడమ చెప్పు మడమలాగా.
గొట్టాల మూతి దగ్గర నలుపంతా పోయి
అరచెయ్యంత మేర వెండి.
"కాల్చేవాడి చెయ్యి ఇక్కడుండదు.
ఇది కర్రమ్మా.
కాళ్ళు లాగే మనిషి చేతికర్ర."

రాత్రుళ్ళు బకెట్లో వేణ్ణీళ్ళు, గుప్పెడు ఉప్పు.
పిక్కల మీద లేచిన నీలం నరాలు.
నేను ఎక్కాలు చదువుతుంటే
నీళ్ళలో పాదాలు కదిపే చప్పుడు.
మేం మీసాన్ని చూశాం, బెల్టుని చూశాం,
వీధిలో పిల్లలు దాన్ని చూసి దారివ్వడం చూశాం.

"నాలుగు వేలిస్తా" అన్నాడాయన.
మళ్ళీ తనే, బేరం నచ్చనట్టు,
గుడ్డ చుట్టి నా చేతుల్లో పెట్టాడు.

ఇప్పుడది స్టేషన్ మాల్‌ఖానాలో ఉంది,
మెడకి చీటీ కట్టించుకుని.
వారసురాలిగా నేను అర్జీ పెట్టుకోవాలి.
ఆయుధం ఎందుకు అవసరం?
పంట రక్షణ. ప్రాణ రక్షణ. క్రీడ.
ఒకదానికి టిక్కు పెట్టమంది ఫారం.
రైటరు భోజనానికి వెళ్ళాడు.
బల్ల మీద ఎవరివో హెల్మెట్లు.
రెండు గంటలుగా నిలబడి ఉన్నాను.
బరువు కుడికాలి మీద నుంచి ఎడమకి మారుతోంది,
ఎడమ నుంచి కుడికి.
ఎప్పుడు మొదలైందో తెలీదు,
నా కుడిచెయ్యి
నడుము ఎత్తున, గాల్లో
ఆనుకోడానికి దేనికోసమో
వెతుక్కుంటోంది.